మూడు గంటల కథని ముప్పావు గంటలో చెప్పమంటున్నారు, ఏం చెయ్యను?

కుడివంత | కార్తీక పౌర్ణమి మర్నాడు, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. మాది రాజోలు పక్కన పల్లెటూరు. ముగ్గురం బుర్రకథ చెప్తాం. మధ్యలో కథకుడు తంబురతో చెప్తుంటే, అటూ ఇటూ కుడివంత, ఎడమవంత గుమ్మెట అనే చిన్న డోలు వాయిస్తూ వంత పాడతారు. మా నాన్న ముప్పై ఏళ్లు కుడివంత చేశాడు. నేను చిన్నప్పటి నుంచి ఆయన పక్కనే నిలబడి గుమ్మెట నేర్చుకున్నాను. కథకుడు బాబాయ్ పోయాక ఆరేళ్లుగా తంబుర నా భుజానికెక్కింది. మా చిన్నాన్న కొడుకు, అంటే మా తమ్ముడు, కుడివంత. ఎడమవంతకి బయట మనిషి వస్తాడు.

వచ్చే సుబ్రహ్మణ్య షష్ఠికి నరసాపురం అవతల ఒక ఊళ్లో కథ ఒప్పుకున్నాం. ఆ ఊళ్లో నాన్న హయాం నుంచి ప్రతి ఏడూ మా కథే. నిన్న కమిటీ వాళ్లు ఫోన్ చేసి, ఏడున్నరకి మొదలుపెట్టి ఎనిమిదింపావుకి స్టేజీ దిగిపోవాలన్నారు. తర్వాత డీజే అట. నిరుడు 15 వేలు ఇచ్చారు, ఈసారి 9 వేలు. ఆటోకి 2,200, ఎడమవంతకి 2,500 పోతే మిగిలేది 4,300. అది నేనూ తమ్ముడూ పంచుకోవాలి.

నేను అడగాలనుకున్నది డబ్బు గురించి కాదు. మేము చెప్పేది బొబ్బిలి కథ, బొబ్బిలి కోట మీద జరిగిన యుద్ధం. మామూలుగా మూడు గంటలు పడుతుంది. నాన్న రోజుల్లో రెండు రాత్రులు చెప్పేవారు. దాన్ని ముప్పావు గంటకి ఎలా తేవాలి? నిన్న రాత్రి ఇంట్లో ఫోన్‌లో టైమర్ పెట్టుకుని చెప్పి చూశాం. 47 నిమిషాలకి అయిపోయింది. కోడిపందెం, బుస్సీ దండు, కోట ముట్టడి, బొబ్బిలి సేనాని పాపారాయుడు రావడం అన్నీ వచ్చాయి. నాన్న వసారాలో కూర్చుని విన్నాడు. ఏమీ అనలేదు. లేచి తన పాత గుమ్మెటకి గుడ్డ చుట్టి అటక మీద పెట్టేశాడు.

నాకు అప్పటి నుంచి నిద్ర పట్టట్లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ఒప్పుకోవాలా, వద్దనాలా?

---

పాత తంబుర | రాత్రి 10:58

బాబూ, నీకు బాబాయ్ వయసువాణ్ణి. నలభై ఏళ్లు కథ చెప్పి, మోకాళ్లు సహకరించక మానేశాను. బుర్రకథలో ముందుకి నాలుగడుగులు, వెనక్కి నాలుగడుగులు వెయ్యకపోతే మాట రాదు. కూర్చుని చెప్తే అది వేరే ఏదో అవుతుంది.

మీ నాన్నగారు గుమ్మెట ఎందుకు చుట్టేశారో నాకు అర్థమైంది. 47 నిమిషాల్లో నువ్వు కథంతా చెప్పావు. అంటే సంఘటనలు చెప్పావు. ఫలానావాడు వచ్చాడు, ఫలానావాడు పోయాడు అని ఒకదాని వెనక ఒకటి. అది వార్తలు చదివినట్టు ఉండి ఉంటుంది. కథలో జనానికి గుండె బరువెక్కేది సంఘటన దగ్గర కాదు, దానికి ముందు ఆలస్యం దగ్గర. తల్లి బిడ్డకి తల దువ్వుతుంది, దూరంగా ఫిరంగి మోగుతుంది, ఆవిడ దువ్వెన ఆపుతుంది. ఆ ఆపడానికి నువ్వు రెండు నిమిషాలు ఇవ్వాలి. దాన్ని తీసేస్తే మిగిలేది ఏమీ లేదు.

అందుకని కుదించొద్దు. ఒక్క ఘట్టం తీసుకో. ఒక్కటంటే ఒక్కటే. దాన్ని నిండుగా చెప్పు. ముందు జరిగింది ఐదు వాక్యాల వచనంలో కుడివంత చేత చెప్పించు. తర్వాత జరిగేది వదిలెయ్యి.

ఇంకో మాట. మారకూడదు అనే వాదన నాది కాదు. మనం ఇప్పుడు బుర్రకథ అంటున్నది ఒకప్పుడు జంగం కథ, తంబుర కథ. కొన్ని కులాల వాళ్లు ఇంటింటికీ తిరిగి చెప్పుకున్నది. 1943లో కమ్యూనిస్టు కళాకారుల ప్రజానాట్యమండలి వచ్చాక అది ఊరి మధ్యకి, బహిరంగ సభలకి వచ్చింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ గారు దానికి కొత్త నడక ఇచ్చారు. జనం మీద దాని పట్టు చూసి మద్రాసు ప్రభుత్వం నిషేధం కూడా పెట్టింది. అదే నాజర్ గారికి 1986లో పద్మశ్రీ వచ్చింది. కాబట్టి కథ మారుతూనే వచ్చింది. కానీ మార్చినవాళ్లు కథ తెలిసి మార్చారు. ఇప్పుడు గడియారం మారుస్తోంది.

---

మార్టేరు మైక్‌సెట్ | రాత్రి 11:15

అన్నా, నేను మైకుసెట్టు వాణ్ణి. నాకు తెలిసింది చెప్తాను.

ముప్పావు గంట అనడానికి డీజే ఒక్కటే కారణం కాకపోవచ్చు. 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకు పెట్టకూడదు. పండగలకీ సాంస్కృతిక కార్యక్రమాలకీ ఏడాదిలో 15 రోజులకి మించకుండా రాత్రి 12 దాకా సడలించే వీలు రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. కానీ మామూలు షష్ఠికి పల్లెటూళ్లో అంతదాకా ఎవరూ వెళ్లరు. కమిటీ వాళ్లు పోలీస్ స్టేషన్‌లో పర్మిషన్ రాయించుకుంటే పదింటికి ఆపేస్తామనే రాస్తారు. అంటే సాయంత్రం ఏడు నుంచి పది లోపల హారతి, సన్మానాలు, పిల్లల డాన్సులు, మీ కథ, డీజే అన్నీ పట్టాలి. మా నాన్న మైకు పెట్టే రోజుల్లో భోజనాలయ్యాక తొమ్మిదిన్నరకి కథ మొదలైతే కోడి కూసేదాకా నడిచేది. ఆ రాత్రి ఇప్పుడు ఎవరి చేతిలోనూ లేదు.

కాబట్టి నువ్వు అడగాల్సింది ఎక్కువ సేపు కాదు, ముందు సేపు. ఆరుంపావుకి మొదలుపెడతానను. ఆరుంపావు నుంచి ఏడుంపావు దాకా అంటే నీకు గంట దొరుకుతుంది.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. డీజే సెట్టు మీద కథ చెప్పకు. వాళ్ల బాక్సులన్నీ దరువు కోసం పెట్టినవి. గుమ్మెట ఒక్క దెబ్బ కొడితే ఛాతీ అదురుతుంది, నీ మాట మాత్రం రెండో వరస దాకా కూడా వెళ్లదు. నిరుడు మీ కథ జనానికి ఎక్కలేదంటే సగం తప్పు అక్కడే ఉంటుంది. విడిగా చిన్న ఆంప్లిఫైయరు, రెండు హారన్లు, మూడు మైకులు అడుగు. గుమ్మెటకి మైకు నోటి దగ్గర పెట్టొద్దు, జానెడు పక్కకి పెట్టు. ఎకో పూర్తిగా తీసెయ్యమను. ఎకోలో తందానా వినసొంపుగా ఉంటుంది, కానీ వచనం మొత్తం మింగేస్తుంది.

---

కథకురాలు | మర్నాడు ఉదయం 6:40

తమ్ముడూ, మాది తాడేపల్లిగూడెం వైపు. మా దళంలో ముగ్గురం ఆడవాళ్లమే. పదహారేళ్లుగా చెప్తున్నాను.

పాత తంబుర గురువుగారి మాట నూటికి నూరుపాళ్లు నిజం. అయితే ఆయన ఒకటి చెప్పలేదు. మన టైము తినేది కథ కాదు, చదివింపులు. మంచి పట్టు మీద ఉన్నప్పుడు కమిటీ అబ్బాయి చీటీ పట్టుకుని వస్తాడు. "ఫలానా ఫలానా వారు నూట పదహార్లు చదివించారు, వారికీ వారి కుటుంబానికీ" అని మనమే చదవాలి. పోయిన ఏడాది భీమవరం దగ్గర ఒక ఊళ్లో లెక్కపెట్టాను. గంట కథలో 14 చీటీలు. ఒక్కోదానికి నిమిషంన్నర. అంటే 21 నిమిషాలు చదివింపులకే పోయాయి. రాణి నిప్పుల్లోకి దూకబోతుంటే ఎరువుల కొట్టు వారి పేరు చదివాను. ఆ రాత్రి ఇంటికొచ్చి ఏడ్చాను.

చదివింపులు వద్దనకు, అది మనకి వచ్చే డబ్బు. ఇచ్చేవాళ్లు కూడా ప్రేమతోనే ఇస్తారు. కథ అయ్యాక అన్నీ ఒకేసారి చదువుతామని ముందే మైకులో చెప్పు. కమిటీ పెద్దాయన పేరు మాత్రం మొదట్లోనే చదివెయ్యి.

ఆడవాళ్ల దళం సంగతి కూడా ఇక్కడ రాయాలనిపించింది, ఎప్పుడూ ఎవరూ అడగరు. మేము ఊరికి వెళ్లగానే మొదట చూసుకునేది స్టేజీ కాదు, బట్టలు మార్చుకోవడానికి చోటు. స్కూలు గది ఇస్తారు, తలుపుకి గడియ ఉండదు. ఒకళ్లం తలుపు పట్టుకుంటే ఇద్దరం అంగరఖా వేసుకుంటాం. బాత్రూం ఎక్కడ అని అడగడానికి మొహమాటపడి మధ్యాహ్నం నుంచి నీళ్లు తాగం. గొంతు ఎండిపోయి ఉంటుంది, దాంతోనే గంటన్నర పాడతాం. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోవడం మా అమ్మమ్మ నేర్పింది, అదే కాపాడుతోంది. ఇప్పుడు బయానా తీసుకునేటప్పుడే అడుగుతున్నాను, గడియ ఉన్న గది, నీళ్లు, బాత్రూం ఉన్న ఇల్లు. ఇచ్చిన ఊళ్లలో కథ బాగా వస్తోంది. ఇది నిజం.

---

సిర్ర_చిటికెన | ఉదయం 8:05

అన్నా, అక్కా, నేను డప్పు కొడతాను. మాది పి.గన్నవరం మండలం. కథకి ముప్పావు గంటైనా ఇస్తున్నారు, స్టేజీ మీద ఇస్తున్నారు. మాకు స్టేజీ లేదు.

జాతర అయినా, ప్రభ (దేవుడి పేరున కట్టి భుజాల మీద మోసే ఎత్తైన అలంకారం) ఎత్తినా, చావు అయినా ముందు మేమే. కనుమ నాడు జగ్గన్నతోటకి ప్రభలు చేల మీదుగా, కౌశిక నీళ్లలో దిగి వస్తుంటే మోసేవాళ్ల అడుగు మా దెబ్బ మీదే పడుతుంది. దెబ్బ ఆగితే భుజాలు ఆగిపోతాయి. 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే పరేడ్‌లో మన ప్రభల తీర్థం శకటం వెళ్లినప్పుడు టీవీ ముందు కూర్చుని మా ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టాం. కానీ ఊళ్లో మాకిచ్చేది కళాకారుడి పారితోషికం అనరు, కూలి అంటారు. మా తాత రోజుల్లో అన్నం ఆకులో వేసి చావడి బయట పెట్టేవాళ్లు. ఇప్పుడు అలా పెట్టరు, కానీ అందరూ తిన్నాక పిలిచే ఊళ్లు ఇంకా ఉన్నాయి. నేను ఆ ఊళ్లకి వెళ్లడం మానేశాను. డబ్బు తగ్గింది, మనసు బాగుంది.

మన ప్రభుత్వం డప్పు కళాకారులకి పింఛను ఇస్తోంది, 2024 జులై నుంచి నెలకి 4,000. మా నాన్నకి వస్తోంది. ఆయన మొదటిసారి పింఛను కాగితం మీద "డప్పు కళాకారుడు" అని చదివించుకుని విన్నాడు. కళాకారుడు అని ఆయన్ని పిలిచిన మొదటి కాగితం అది.

కుడివంత అన్నా, షష్ఠి రోజుల్లో మంచు పడుతుంది. మా తోలు డప్పు పావుగంటకోసారి గడ్డిమంట మీద కాచాలి, లేకపోతే మెత్తబడి మోగదు. మీ గుమ్మెటలు కూడా చూసుకోండి. ఫైబరు డప్పులు వచ్చాయి, కాచక్కర్లేదు. అవి ఎప్పుడూ ఒకటే మోత. తోలుది రాత్రి పెరిగేకొద్దీ గొంతు మార్చుకుంటుంది, నాకు అదే ఇష్టం.

---

షష్ఠి కమిటీ | ఉదయం 11:30

నేను కమిటీలో ఉన్నవాణ్ణి. మీ ఊరి కమిటీ కాదు, అత్తిలి వైపు. మా తరఫు మాట కూడా వినండి.

మాకు కళ మీద గౌరవం లేదనుకోకండి. చందాల్లో పెద్ద భాగం ఊరి కుర్రాళ్లు, గల్ఫ్‌లో ఉన్నవాళ్లు పంపిస్తారు. వాళ్లు డీజే అడుగుతారు. వద్దంటే వచ్చే ఏడు చందా తగ్గుతుంది. అదొక బాధ.

రెండోది, నిరుడు మా ఊళ్లో బుర్రకథ పెట్టాం. ఎనిమిదిన్నరకి కుర్చీలు సగం ఖాళీ. నేను వెనక నిలబడి చూశాను, ఎందుకు లేస్తున్నారా అని. మార్గశిరం అంటే సార్వా కోతలు. మిషన్ వచ్చినా ధాన్యం ఆరబెట్టడం, బస్తాలకెత్తడం మనుషులే చెయ్యాలి. వానపట్టు ఉంటే టెన్షన్. పొద్దున్నుంచి కళ్లంలో ఉన్న మనిషి తొమ్మిదింటికి కూర్చోలేడు. ఇంకా ఒకటి, కొంచెం కటువుగా ఉంటుంది, క్షమించండి. కథకుడు గారు బుస్సీ అన్నారు, విజయరామరాజు అన్నారు, అందరికీ తెలిసినట్టే చెప్పుకుపోయారు. నా పక్కన తొమ్మిదో తరగతి పిల్లాడు "బుస్సీ ఎవరు?" అని అడిగాడు. వాళ్ల నాన్నకీ తెలియదు. మా తాతలకి కథ ముందే తెలుసు, ఎలా చెప్తారో వినడానికి వచ్చేవారు. ఇప్పటివాళ్లకి కథే తెలియదు. అది పట్టించుకోండి.

---

పాత తంబుర | ఉదయం 11:52

కమిటీ బాబు చెప్పినది నా నలభై ఏళ్లలో నాకు తట్టలేదు. నిజమే. మేము తెలిసినవాళ్లకి చెప్పాం.

కుడివంతా, నీ కుడివంత ఇక్కడే పనికొస్తాడు. వంతలు ఊరికే తందానా అనడానికి లేరు. కుడివంత అడుగుతాడు, విడమరుస్తాడు, ఈనాటి సంగతి కలుపుతాడు. ఎడమవంత నవ్విస్తాడు. "అన్నా, ఈ బుస్సీ ఎవరన్నా?" అని వాడి చేత అడిగించు. ఫ్రెంచి వాళ్ల సేనాని, నిజాం తరఫున వచ్చాడు, 1757 జనవరిలో కోట చుట్టూ ఫిరంగులు పెట్టాడు అని రెండు ముక్కల్లో చెప్పు. ఆ పిల్లాడు అడిగిన ప్రశ్నే స్టేజీ మీద వినపడితే వాడు కదలడు.

---

నాట్లపాట | మధ్యాహ్నం 3:10

నేను బడిపంతుల్ని. ఊడ్పుల పాటలు సేకరిస్తుంటాను. మీ ప్రశ్నకి నేరుగా జవాబు కాదు, కానీ నాకు జరిగింది చెప్పాలి.

మా స్కూలుకి నలుగురు పెద్దావిడల్ని పిలిచి ఫోన్‌లో రికార్డు చేద్దామనుకున్నాను. కుర్చీల్లో కూర్చోబెట్టి టీ ఇచ్చాం. రెండు చరణాలు పాడి ఆగిపోయారు. "గుర్తు రావట్లేదు బాబూ" అన్నారు. నాకు నిరాశ వేసింది. ఆ శ్రావణంలో వాళ్లలో ఇద్దరు ఊడ్పుకి వెళ్తున్నారని తెలిసి గట్టు మీదికెళ్లి నిలబడ్డాను. నడుం వంచి, మోకాలిదాకా బురదలో, చేతిలో నారుకట్టతో ఆవిడ పాట ఎత్తుకుంది. ఆగకుండా చాలా చరణాలు వచ్చాయి. పక్కావిడ అందుకుంది. వెనక్కి ఒక్కో అడుగు వేసేకొద్దీ ఒక్కో మాట వచ్చింది. పాట ఆవిడ బుర్రలో లేదు, నడుంలో ఉంది, చేతిలో ఉంది.

ఇప్పుడు మా వైపు నారు ఊడ్చకుండా విత్తనాలు వెదజల్లడం పెరిగింది. ఊడ్చే చోట బయటి జిల్లాల ముఠాలు వస్తున్నాయి, గుత్తకి చేస్తారు కాబట్టి పరుగు మీద చేస్తారు. ఆ వేగానికి ఆ పాట సరిపోదు. నా దగ్గర ఉన్నవి 31 రికార్డింగులు. వాటిలో గాలి, నీళ్ల చప్పుడు, ఆవిడ ఆయాసం ఉన్నాయి. ఆ ఆయాసం లేకుండా ఆ పాట వినలేను.

మీ నాన్నగారు వసారాలో కూర్చుని విన్నారన్నారు కదా, ఆయన్ని నిలబెట్టి అడగండి. గుమ్మెట మెడకి తగిలించి అడగండి. ఏ ఘట్టం ఉంచాలో ఆయన చేతులకి తెలుసు.

---

కువైట్_అంబాజీపేట | రాత్రి 11:45

అన్నయ్యా, నేను కువైట్‌లో ఒక ఇంట్లో పని చేస్తాను. తొమ్మిదేళ్లయింది. కమిటీ బాబు గారు గల్ఫ్ వాళ్లు డీజే అడుగుతారన్నారు. అందరం కాదండీ. చందా పంపేటప్పుడు మమ్మల్ని ఎవరూ ఏం కావాలని అడగలేదు.

మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా వెనక ఏదో ఒకటి వినపడుతుంది, గుడి మైకు, కొబ్బరి దింపు మనుషుల కేకలు. ఒకసారి సంక్రాంతికి హరిదాసు మా గుమ్మంలోకి వచ్చాడు, అమ్మ ఫోన్ అలాగే పట్టుకుంది. చిడతలు, తంబుర, బియ్యం గిన్నెలో పడిన చప్పుడు. నేను వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను.

మీ కథ వీడియో తీసి పెట్టండి. పూర్తి కథ, మూడు గంటలది. నాకు శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలు ఖాళీ ఉంటుంది. రెండు శుక్రవారాలు వింటాను.

---

కుడివంత | రెండు రోజుల తర్వాత, రాత్రి 9:30

అందరికీ చేతులెత్తి దండం. ఒక్కొక్కటీ నాన్నకి చదివి వినిపించాను. పంతులుగారు చెప్పినట్టు అటక మీంచి గుమ్మెట దించి మెడకి తగిలించాను. వద్దు వద్దంటూనే పట్టుకున్నాడు. నేను కోట ముట్టడి ఎత్తుకున్నాను. నాన్న వేళ్లు కదల్లేదు. కోడిపందెం ఎత్తుకున్నాను. భీమవరం వైపు అదంటే జనం పడి చస్తారు కదా. మామూలుగా వాయించాడు. బొబ్బిలి రాణి మల్లమ్మదేవి రాజాంలో ఉన్న పాపారాయుడికి కబురు పంపే ఘట్టం ఎత్తుకోగానే దరువు మారిపోయింది. నెమ్మదిగా, ఒకటి విడిచి ఒకటి. నాకు చెప్పక్కర్లేకపోయింది. అదే చెప్తాను.

కమిటీకి ఫోన్ చేసి ఆరుంపావు అడిగాను. ఒప్పుకున్నారు. విడి మైకు మాత్రం కుదరదన్నారు.

---

మార్టేరు మైక్‌సెట్ | రాత్రి 9:41

ఏ ఊరో నాకు మెసేజ్ పెట్టు అన్నా. ఆంప్లిఫైయరు, రెండు హారన్లు నేను పట్టుకొస్తాను. డీజిల్ ఖర్చు ఇస్తే చాలు.

---

కథకురాలు | రాత్రి 10:02

తమ్ముడూ, కబురు ఘట్టంలో సినిమా ట్యూను పెట్టకు, ఎవరు అడిగినా సరే. కోడిపందెంలో అయితే ఒకటి పెట్టినా నష్టం లేదు, నేనూ పెడతాను.

---

పాత తంబుర | రాత్రి 10:20

అమ్మా, కోడిపందెంలో కూడా వద్దు. ఒకసారి ఆ ట్యూను వినపడ్డాక జనం చెవి దాని కోసమే కాచుకుని కూర్చుంటుంది. వెనక్కి తేవడం కష్టం.

---

కథకురాలు | రాత్రి 10:26

గురువుగారూ, మీ మాట మీద గౌరవంతోనే చెప్తున్నాను. మగ దళానికి మొదటి పది నిమిషాలు జనం ఊరికే ఇస్తారు. మమ్మల్ని ముందు మా బట్టలూ మొహాలూ చూస్తారు, తర్వాత వింటారు. ఆ చూపుని చెవి వైపు తిప్పడానికి నాకు ఏదో ఒకటి కావాలి. ఆ ట్యూను దానికే.

---

పాత తంబుర | రాత్రి 10:40

అది నేను ఆలోచించలేదమ్మా. నీకు తెలిసినట్టే చెయ్యి.

---

కుడివంత | షష్ఠి తర్వాత మూడో రోజు, మధ్యాహ్నం 1:15

ఆలస్యంగా రాస్తున్నాను, గొంతు పట్టేసి మంచం దిగలేదు.

ఆరుంపావు అన్నది ఆరూ నలభైకి మొదలైంది. సన్మానాలు సాగాయి. మైక్‌సెట్ అన్న నిజంగానే బండి మీద హారన్లు కట్టుకుని వచ్చాడు, డీజిల్ డబ్బు కూడా తీసుకోలేదు. కమిటీ పెద్దాయన పేరు ముందే చదివి, మిగతా చదివింపులు కథ తర్వాత అని చెప్పాను. ఆయన మొహం కొంచెం మారింది, కానీ ఏమీ అనలేదు. మధ్యలో ఇద్దరు చీటీలు పట్టుకొచ్చారు. ఎడమవంత అందుకుని నడుముకి దోపుకున్నాడు.

బుస్సీ ఎవరని తమ్ముడు అడిగినప్పుడు ముందు వరసలో పిల్లలు నిజంగానే తలెత్తారు. కబురు ఘట్టం 38 నిమిషాలు పట్టింది. కుర్చీలు నిండలేదు. 120 మంది ఉంటారేమో. లేచినవాళ్లు కూడా ఉన్నారు, అబద్ధం చెప్పను. వెనక డీజే కుర్రాళ్లు సామాను సర్దుతూనే ఉన్నారు, ఒకసారి టెస్టింగ్ అని ఒక దెబ్బ కొట్టారు. సరిగ్గా కబురు పట్టుకుని మనిషి కోట గోడ దిగుతున్నాడని చెప్తున్నప్పుడు. దాన్ని ఫిరంగి మోత కింద తీసుకుని తమ్ముడు అందుకున్నాడు. ఎలా తట్టిందో వాడికే తెలియదట.

ఏడూ ముప్పైఐదుకి ఆపేశాను. కబురు బయల్దేరింది అన్నదాని దగ్గర. చదివింపులు 11 చదివాను. అప్పటికి జనం సగం లేచారు. ఇచ్చినవాళ్లలో ఒకాయన మా పేరు ఖాళీ కుర్చీలకి చదివావని బాధపడ్డాడు. ఆయన బాధ కూడా న్యాయమే. దానికి ఇంకో దారి వెతకాలి.

ఎడమవంత అదే ఆటోలో చించినాడ వంతెన మీదుగా వెళ్లిపోయాడు, పొద్దున్నే అతనికి వేరే పని ఉంది. నాన్నా నేనూ తమ్ముడూ ఆగాం. నాన్న ఆ ఊరు చూసి ఎనిమిదేళ్లయింది, రాత్రి అక్కడ పడుకోవాలని ఉందన్నాడు. గుడి మండపంలో పడుకుని పొద్దున్నే గోదావరి దాటించే సఖినేటిపల్లి పంటు కోసం బయల్దేరుతుంటే దారిలో ఒక ఇంటి అరుగు మీంచి పెద్దావిడ పిలిచింది. "ఏవయ్యా, పాపారాయుడికి కబురు అందిందా?"

రాత్రి ఆవిడ గుడి దగ్గరికి రాలేదట, మోకాళ్ల నొప్పులు. హారన్‌లో ఇంట్లోంచే విన్నదట. అందిందమ్మా కానీ ఆలస్యంగా అందింది అన్నాను. అలా కాదు, చెప్పు అంది. అరుగు మీద కూర్చున్నాం. తంబుర సంచిలోంచి తియ్యలేదు, వట్టి నోటితోనే మొదలుపెట్టాను. నాన్న గుమ్మెట తెచ్చుకోలేదు, ఒళ్లోనే చేత్తో దరువు వేశాడు. ఆవిడ కోడలు టీ పెట్టింది. పక్కింటి ఇద్దరు వచ్చి నిలబడ్డారు, తర్వాత కూర్చున్నారు. రెండు పంటులు వెళ్లిపోయాయి. ఇంకా పాపారాయుడు బొబ్బిలి చేరలేదు, తమ్ముడికి డ్యూటీ టైమైపోతోంది, లేవక తప్పలేదు.

మిగతాది ఎప్పుడు చెప్తావంది. ధనుర్మాసంలో వస్తానన్నాను. పండక్కి కూతుళ్లు వస్తారు, భోగికి నాలుగు రోజుల ముందు రమ్మంది, వీధిలో పది ఇళ్లవాళ్లు తలా కొంచెం వేసుకుంటారట. బయానా కింద 500 కాగితం, రెండు కొబ్బరికాయలు నాన్న చేతిలో పెట్టింది. మైకు వద్దంది. కువైట్ చెల్లెమ్మా, ఆ రాత్రి పూర్తిగా వీడియో తీయిస్తాను.

మా ఎడమవంతకి ఆ రోజు వేరే ఊళ్లో కథ ఉంది. రాజోలు, పాలకొల్లు వైపు ఎవరైనా ఎడమవంత ఉంటే చెప్పండి. బొబ్బిలి కథ వచ్చి ఉండాలి. రాత్రి అక్కడే ఉండాలి, పడుకోవడానికి అరుగు ఉంది.

---

సిర్ర_చిటికెన | మధ్యాహ్నం 1:50

అన్నా, నాకు బొబ్బిలి కథ రాదు, గుమ్మెట వాయించగలను. నెల రోజులు టైము ఉంది కదా. మీ నాన్నగారు నేర్పిస్తారా?

---

కుడివంత | మధ్యాహ్నం 2:04

నాన్న పక్కనే ఉన్నాడు. ఆదివారం పొద్దున్నే రమ్మంటున్నాడు. మా ఇంట్లోనే భోంచెయ్యాలట.